కంచం మీద కన్ను

“ఆ ముక్క పక్కన పెట్టావేం?” అంది అత్త, కోడలి కంచంలోకి తొంగిచూస్తూ.

“కడుపు నిండిపోయిందండీ.”

“రెండు ముద్దలకేనా?”

కోడలు గ్లాసెడు నీళ్లు గటగటా తాగేసి లేచింది. మొగుడు తలెత్తితే ఒట్టు. అత్త మాత్రం వడ్డించే వంకతో బల్ల చుట్టూ తిరుగుతూ, కంట్లో వత్తులు వేసుకుని కోడలి నోరే చూస్తుంది. తన భోజనం అందరూ లేచాక, వంటగదిలో ఒక్కతే. అందరితో కూర్చుంటే కాపలా ఎవరు కాస్తారు మరి?

కోడలి భయం కోడలిది. మాంసం, రొట్టె, ఏది మింగినా గుండెల దగ్గర పట్టేస్తుంది. నీళ్లతో తొయ్యాలి, లేదంటే స్నానాల గదికి పరుగెత్తాలి. పెళ్లికి ముందు నుంచీ ఇదే బాధ. రోగిష్టి పిల్లని అంటగట్టారని తెలిస్తే ఈ ఇంట్లో ఉంచుతారా? అందుకే దాచింది.

ఆదివారం భోజనం మధ్యలో కోడలు దూరిన స్నానాల గది తలుపు చప్పుడైంది.

“లోపల ఏం చేస్తున్నావు?”

“మొహం కడుక్కుంటున్నానండీ.”

“నోట్లో ముద్ద పెట్టుకునా?”

తలుపు తీసేసరికి అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. “రేపు నాతో డాక్టరు దగ్గరికి రా. మావాడికి చెప్పకు.”

“నాకేం జబ్బు లేదండీ.”

“ఆ మాట డాక్టరు చెప్తాడులే.”

కోడలికి అంతా అర్థమైపోయింది. రుజువు చేతికొచ్చాక మెడ పట్టి గెంటుతుందన్నమాట.

డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూశాడు, లోపలి నుంచి చిన్న ముక్కలు గిల్లి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చిన రోజు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

“అన్నవాహికకి వాపమ్మా. లోపల ఉంగరాలు ఉంగరాలుగా బిగుసుకుపోయింది. ఒక రకం అలర్జీ. పాలు పడట్లేదో, గోధుమ పడట్లేదో చూద్దాం. మందులున్నాయి, అదుపులో ఉంటుంది. ఇన్నేళ్లూ గ్యాసనుకుని ఊరుకున్నావా?”

బయట బెంచీ మీద కోడలు అడగలేక అడిగింది. “నన్ను పుట్టింటికి పంపించేస్తారా అత్తయ్యా?”

“మందుకి లొంగేదానికి పుట్టింటికెందుకే, పిచ్చిదానా?”

కోడలికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. “మా అమ్మే కనిపెట్టలేకపోయింది. మీరెలా పట్టుకున్నారు?”

అత్త జవాబిచ్చేలోపే నర్సు తలుపు తీసి కేకేసింది.

“ముద్ద దిగట్లేదని పేరు రాయించుకున్న రెండో ఆవిడ ఎవరండీ?”

అత్త లేచింది.