నల్లటి రుమాలు

ఈ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, వైద్యం చేస్తానని వచ్చిన మందుల షాపు పెదనాన్న. ఆయనకు తెలియని జబ్బు లేదట. తగ్గించిన జబ్బు మాత్రం నేనింకా చూడలేదు. షుగరున్న అమ్మకు పది రోజులుగా ఆవిరి పట్టిస్తూ, "ఉత్త ముక్కుదిబ్బడ" అంటున్నాడు.

చీకటి పడ్డాక అమ్మ ముక్కు చీదితే రుమాలంతా నల్లగా అయింది. ఎడమ కన్ను ఉబ్బి మూసుకుపోయింది.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం పెదనాన్నా," అన్నాను.

"ఓహో, డాక్టరమ్మగారా! నీ నోట్లో నాలుక లేదనుకున్నానే. అది పొయ్యి మసి, పో."

ట్యూబులైటు గుయ్యిమంటూ వెలుగుతోంది. అమ్మ కుడి కన్ను తెరిచే ఉంది.

"లైటెందుకు ఆర్పేశారు?" అంది అమ్మ.

పెదనాన్న లైటు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"కరెంటు పోయిందమ్మా, పడుకో," అని, నన్ను బయటికి నెట్టి తలుపు వేసేశాడు.