తల్లి నాకిన పిల్ల

“మైకుల మీరు చెప్పిన ముచ్చట నిజమేనా సారూ?”

శ్రీపాల్ తలెత్తాడు. టెంటు గుంజ పట్టుకుని తారి నిలబడి ఉంది. గూడూరుకు అయిదు మైళ్ల అవతల తండా ఆమెది. బస్సులు లేవు కాబట్టి నడిచే వచ్చి ఉంటుంది.

సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిది రోజులు. పశువుల దవాఖానకు తాళం వేసి, డాక్టరు శ్రీపాల్ కూడా రోజూ వచ్చి అందరితోపాటు జంపఖానా మీద కూర్చుంటున్నాడు. నినాదాలు అయిపోయాక పొద్దుపోక, ఒక్కో ఉద్యోగి తన పని గురించి మైకులో నాలుగు మాటలు చెప్పాలని పెట్టుకున్నారు. ఆ రోజు శ్రీపాల్ వంతు. పుట్టగానే తల్లికి దూరమైన జీవాల గురించి చెప్పాడు. విన్నవాళ్ల కంటే కునికినవాళ్లే ఎక్కువ.

“ఏ ముచ్చట?”

“తల్లి నాకిన పిల్ల ధైర్యంగ పెరుగుతది, నాకని పిల్ల భయపడుకుంట పెరుగుతది అన్నరు గద.”

“నిజమే. ఎలుకల మీద చూసిన్రు, కోతుల మీద చూసిన్రు. తల్లి ఒళ్లు తగలకపోతే పిల్ల మెదడు సక్కగ ఎదగదు. అందుల భయం పుట్టే జాగ ఎప్పుడూ మేల్కొనే ఉంటది.”

తారి గొంతు తగ్గించింది.

“మా ఇంట్ల ఒక పిల్ల ఉన్నది సారూ. పది దినాలప్పుడే తల్లికి దూరం చేసినం. సాదలేక ఇచ్చేసినం. మొన్న వాళ్లే తెచ్చి ఇడిచిపోయిన్రు.”

“ఎందుకు?”

“ఎవలతోని కలుస్తలేదట. ఆకు కదిలినా ఉలికిపడ్తది. మూలకు పోయి ముడుసుకుంటది. పట్టుకోబోతే గింజుకుంటది.”

“తల్లి ఉన్నదా?”

“ఉన్నది. తల్లి దగ్గరికి పోతే పిల్లనే రానిస్తలేదు.”

అన్ని రోజులు ఎడబాసిన పిల్లను తల్లిమేక మళ్లీ దగ్గరికి తీయడమే అరుదు. ఇక్కడ తల్లి ఒప్పుకుంది, అంతవరకు మేలే అనుకున్నాడు శ్రీపాల్.

“ఇటు తీసుకరారాదు, చూస్త.”

“మందిని చూస్తే పరేషానైతది సారూ. మా ఇంటాయన మళ్ల ఇచ్చేద్దామంటున్నడు. ఎల్లుండి తోల్కపోతనంటున్నడు. ఒక్కపారి చెడినంక ఇగ బాగుపడదా?”

తెలిసీ తెలియకుండా ఒక మాట అనేస్తే ఆమె దాన్నే పట్టుకునిపోయేలా ఉందనిపించింది శ్రీపాల్‌కు.

“భయం పూర్తిగ పోకపోవచ్చు. కానీ మెదడు లేతగున్నప్పుడు మళ్ల దారి పడ్తది. బలవంతంగ పట్టుకోకుండ్రి. తల్లిని ఊకె పక్కన ఉండనీయుండ్రి. దానంతట అదే వాసన పట్టి దగ్గరికొస్తది. నెల పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఇంకోపారి మాత్రం ఇడదీయకుండ్రి. రెండోసారి తట్టుకోదు.”

“దూరం చేసింది తల్లేనని దానికి యాదుంటదా సారూ?”

“జీవాలు తప్పొప్పులు చూడయి. పక్కన ఎవరున్నరన్నదే చూస్తయి.”

తారి తల ఊపి, ముఖం తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

సమ్మె ముగిసిన వారానికి నట్టల మందు తాగించడానికి శ్రీపాల్ తండాకు పోయాడు. గొర్రెలూ మేకలూ అన్నీ వచ్చాయి. తారి రాలేదు. మందు పట్టిస్తున్నంతసేపూ అతని కళ్లు ఆమె కోసమే వెతికాయి. ఎవరూ వినని మాటను విని అంత దూరం నడిచొచ్చిన మనిషి. ఆ పిల్ల ఏమైందో తెలుసుకోకుండా తిరిగి పోలేకపోయాడు. ఇల్లు అడుగుతూ వెళ్లేసరికి తారి వాకిట్లో పత్తి ఎండబోస్తోంది.

“ఉంచుకున్నరా, ఇచ్చేసిన్రా?”

“ఉంచుకున్నం సారూ. పెద్ద లొల్లే అయింది. అయినా మీరు చెప్పినట్టే చేసినం. ఇరవై దినాలు మూల ఇడిసిపెట్టలే. మొన్న తనకు తానే వచ్చి తల్లి పక్కన పన్నది.”

చదువుకున్న చదువు ఇన్నేళ్లకు ఒక ప్రాణికి పనికొచ్చింది అనుకున్నాడు శ్రీపాల్.

“తీసుకరా. మందు కూడ తాగిస్త,” అంటూ సీసా మూత తిప్పాడు.

తారి ఆ సీసా వంక చూసి, అతని ముఖం వంక చూసింది. లోపలికి వెళ్లింది.

ఆమె వేలు పట్టుకుని నాలుగేళ్ల ఆడపిల్ల బయటికి వచ్చింది.