ఖాళీ కడుపు

"ఈ మిషను తప్పు సెప్తన్నాది. మూటకట్టి బువనేస్వరం పంపీండి!" అంటూ విజయరత్నం మేస్టారు కుర్చీలోంచి లేచారు. రాయగడలోని ఆ క్రైస్తవ మిషన్ ఆసుపత్రి కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. ఆయన వద్దంటే ఇక అంతే.

చొక్కా పైకెత్తుకుని బల్లమీద పడుకున్న క్లెమెంట్‌కి చెమటలు పట్టాయి. ఆసుపత్రిలో మిషన్లన్నీ చూసుకునే టెక్నీషియన్ అతను. ఈ లేజర్ స్కానింగ్‌ని పరీక్షకి రప్పించడానికి కాళ్లరిగేలా తిరిగిందీ అతనే. జెల్ పూయక్కర్లేదు, ఒంటికి ఏదీ ఆనించక్కర్లేదు. దూరం నుంచి లేజర్ పడితే చర్మంలో శబ్దం పుట్టి, లోపలికి వెళ్లి తిరిగొస్తుంది. తెరమీద బొమ్మ కడుతుంది.

పక్క వార్డులో బుల్లి అనే అమ్మాయి ఉంది. మరిగే గంజి పడి పొట్టంతా కాలిపోయింది. లోపల కూడా నొప్పని ఏడుస్తోంది గానీ, ఆ పుండుమీద మామూలు స్కానింగ్ ఆనించే ధైర్యం ఎవరికీ లేదు. మంచి ఒళ్లమీద సరిగ్గా పనిచేస్తేనే ఆమెకి వాడాలని కమిటీ మాట.

"తప్పు కాదు సార్," అంది భువనేశ్వర్ నుంచి మిషన్‌తో వచ్చిన డాక్టర్ సస్మిత. "ఈయన కడుపు నిండుగా ఉంది. పిత్తాశయం కూడా ముడుచుకుంది. తిని ఎంతోసేపు కాలేదు."

"తినడమేటమ్మా! ఏసుప్రభువు శ్రమదినాల్లో శుక్రవారం. సాయంత్రం ప్రార్థనయ్యేదాకా మాకు ఉపవాసం. మొన్న ఆదివారం గుడిలో దాని గురించి సెప్పిందే ఈడు!"

నిజమే, చెప్పాడు. జనానికి ఆకలి పుట్టేదాకా చెప్పాడు. బిస్కట్లు తింటున్న పిల్లల చెవులు కూడా మెలిపెట్టాడు. "ఖాళీ కడుపులకేం కొదవ డాక్టరుగారూ! ముందు నేను, నా తరవాత మేస్టారు పడుకుంటాం" అని కోతలు కోసిందీ ఆ నోరే.

"ఇంకొకరిని చూద్దాం సార్. ఇప్పుడు మీ వంతేగా," అంది సస్మిత.

"మొదటోడి కాడే తప్పితే రెండోవోడు దేనికి? పంపీండంతే!"

గోడ అవతల బుల్లి మూలిగింది. క్లెమెంట్ తన బొజ్జవైపు చూసుకున్నాడు. మనిషి లోపలున్నదంతా బయటపెట్టే మిషను కావాలని ఏరికోరి తెప్పించి, దాని కింద మొట్టమొదట తనే పడుకున్నాడు. ఇంత తెలివి ఇంకెవరికుంటుంది? సిగ్గుతో నవ్వొచ్చింది.

"మిషను కరెక్టే మేస్టారూ. తప్పు నాదే. పొద్దున్న స్టేషను కాడ బండి మీద మినప బరాలు, బటానీల గుగ్ని తిన్నాను."

"ఏదో రవ్వంత నోట్లో ఏసుకున్నావా?"

"రవ్వంతేటండి! బరాలు తినీసి, గుగ్ని మళ్లీ మళ్లీ ఏయించుకున్నాను. బండోడి గిన్నె అడుగు కూడా గీకించీసేను."

మేస్టారు మెల్లగా కుర్చీలో కూలబడ్డారు.

"అయితే మిషను మంచిదే. బుల్లిని తీసుకురండి," అన్నారు చివరికి.

"మరి మీరు, సార్?"

"నాకొద్దు," అంటూ మేస్టారు రెండు చేతులూ పొట్టమీద అడ్డం పెట్టుకున్నారు. తర్వాత క్లెమెంట్ చెవి దగ్గరకి వంగి, పళ్లు కొరికారు.

"నువ్వేనేట్రా! నేనెల్లేసరికి గుగ్ని అయిపోనాది, ఉత్త బరాలే ఉన్నాయన్నాడు ఆ బండోడు!"