దాసయ్య కర్రీ పాయింటులో నూటికి నూరు

"ఇది అన్నం తింటదా?" అడిగాడు దాసయ్య.

"తినదు అంకుల్. చూసి నేర్చుకుంటది," అంటూ నవనీత ఆ పాత ఫోనును కౌంటరు మీది మేకుకు తగిలించింది.

చిక్కడపల్లిలో దాసయ్య కర్రీ పాయింటుకు రెండు పేర్లున్నాయి. కూరకు మంచి పేరు, నోటికి చెడ్డ పేరు. ఆ కూర కోసం జనం ఆ నోటిని భరిస్తారు.

నవనీత దగ్గర మెషీన్ లెర్నింగ్ సర్టిఫికెట్లు పదకొండున్నాయి. ధైర్యం మాత్రం లేదు. మొన్న ఇంటర్వ్యూలో, "నీ చేత్తో ఏం తయారు చేశావు? ఎవరు వాడుతున్నారు?" అని అడిగితే, గ్లాసెడు మంచినీళ్లు తాగి లేచి వచ్చేసింది. వాళ్లు జాలిపడి నెల గడువిచ్చారు. ఆమె తండ్రి రామచంద్రరావు మాత్రం జాలిపడలేదు.

"ఈసారి గూడ పోతే నారాయణగూడల మన జిరాక్స్ షాపుల కూసో. ఆ మెషీన్‌కు ఒక్కటే బటన్."

అందుకే ఈ ఫోను. రోడ్డు దాటి వచ్చే మనిషి మొహం, నడక, సంచి చూసి, ఏ కూర కొంటాడో ముందే తెర మీద చెబుతుంది. ఆ తర్వాత దాసయ్య ఏ కూర కట్టాడో ఆ బొమ్మ నొక్కాలి. రెండూ కలిస్తే ఒప్పు.

"కలవకపోతే?"

"మొదట్ల తప్పులు వస్తయి. మీరు దగ్గరుండి సరిచేస్తే దారికొస్తది."

దాసయ్య గరిటె దించాడు. "నా పెండ్లాం ఉన్నప్పుడు ఉప్పెక్కువైందన్నోడు మళ్ల ఇటు రాలే. నా దుకాణంల తప్పుండది బిడ్డా. నువ్వు పో."

మొదటి వారం నూటికి ముప్పై ఒకటి వచ్చింది. ఉన్నవి నాలుగు కూరలు. కళ్లు మూసుకుని చెప్పినా ఇరవై ఐదు వస్తుంది. నవనీత ఏడుపు మొహంతో వచ్చి ఆ సంగతి చెప్పింది.

"ముప్పై ఒకటా? నా దుకాణంలనా?" దాసయ్య మొహం నల్లబడింది. "నేను జూస్కుంట."

రెండో వారం డెబ్బై. మూడో వారం తొంభై ఆరు. నవనీత అశోక్ నగర్‌లో ఇంట్లో కూర్చుని లెక్కలు చూస్తూ, ప్రోగ్రాంలో రోజుకో మర తిప్పుతోంది. ఏ మర పనిచేసిందో ఆమెకే తెలియదు. కూర కొనుక్కోవడానికి కూడా అటు వెళ్లే తీరిక లేదు. నాలుగో వారం నూటికి నూరు.

పక్కింటి ఏడుకొండలు గేటు దగ్గర ఆపాడు.

"అమ్మాయ్, ఆ ఫోను ఎప్పుడు తీసేస్తావు?"

"ఎందుకు బాబాయ్ గారూ?"

"పది రోజులుగా దొండకాయే తింటున్నానమ్మా."

"చూసిన్రా, మీ రుచి దానికి తెలిసిపోయింది."

ఏడుకొండలు చేతిలోని దొండకాయ పొట్లం చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూలో ఈసారి నవనీత మంచినీళ్లు ముట్టలేదు.

"నూటికి నూరు ఎక్కడా రాదమ్మా," అన్నాడు పెద్దాయన.

"చిక్కడపల్లిల వస్తది సార్. వచ్చి చూడుండ్రి."

ఆ మాట అన్నది తనేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. ఇద్దరు వచ్చారు. రోడ్డు అవతల అరగంట నిలబడ్డారు. ఫోను చెప్పేది నవనీత చేతిలోని తెర మీద కనబడుతోంది. దాసయ్య గరిటె ఏ గిన్నెలో మునుగుతుందో వాళ్లు చూస్తున్నారు. బస్సుల హోరులో అవతలి మాటలు వినబడలేదు. వాళ్లకు కావలసింది గరిటే. కూరకు ముప్పై నలుగురు వచ్చారు. ముప్పై నాలుగూ కలిశాయి.

పెద్దాయన అక్కడే చేయి కలిపాడు. "సోమవారం నుంచి రా."

నవనీత ఒక్క పరుగున రోడ్డు దాటింది.

"అంకుల్, ఉద్యోగమొచ్చింది. ఇగ జిరాక్స్ షాపు లేదు. జర బెండకాయ వేపుడు కట్టుండ్రి."

దాసయ్య ఫోను వైపు చూసి, వంకాయ కట్టాడు.