జోయెల్ పక్కన కుర్చీ

"లే తాతా, లే! గది నువ్వు కూసునే కుర్చీ కాదు."

అత్వెల్లి చర్చిలో ప్రేమ విందు మొదలవబోతుంటే, పాస్టర్ శాంసన్ గొంతు షామియానా అంతా వినబడింది.

ముసలాయన కంగారుగా లేచాడు. మాసిన పంచె, భుజాన గుడ్డసంచి. దండం పెట్టిన చేతుల్లో కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

"వందనాలు బిడ్డా. బొంబాయి పక్క భీవండి నుంచి వచ్చిన. జోయెల్‌గాడు యాడున్నడు?"

శాంసన్‌కు ఒళ్లు మండింది. ఈ చర్చి కట్టిన తన తండ్రిని ఊరంతా అయ్యగారంటుంటే, ఎవడో వచ్చి 'గాడు' అంటాడా!

"అయ్యగారు అను. నాయిన ప్రభువు దగ్గరికి పోయి మూడేండ్లయింది."

ముసలాయన కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"గీడ ఒక్క బుక్క తిని పోత బిడ్డా. వాని పక్కన కూసోని తింటనని మాటిచ్చిన."

"గా సాప మీద కూసో. అందరికీ పెడ్తరు."

ఆ కుర్చీ సంగతి వేరు. జోయెల్ బతికినన్నాళ్లూ ప్రతి విందులో తన పక్కన దాన్ని ఖాళీగా ఉంచి, ముందు కంచం పెట్టించేవాడు. ఎవరికని అడిగితే "వస్తడు" అనేవాడు, అంతే. ఈసారి ఆ కుర్చీని శాంసన్ పేట్ బషీరాబాద్ బిల్డర్ ప్రతాప్ కోసం అట్టిపెట్టాడు. చర్చికి ప్రహరీ కట్టిస్తానన్న పెద్దమనిషి మరి.

కారు రానే వచ్చింది. ప్రతాప్ దర్జాగా కూర్చున్నాడు. శాంసనే దగ్గరుండి మటన్ వడ్డించాడు.

గంట క్రితం ప్రసంగంలో గొంతు చించుకున్నదీ ఈ శాంసనే. తొలినాళ్ల విశ్వాసుల్లో యజమానీ బానిసా ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నారన్నాడు. సాటివాణ్ణి విడిపించడానికి తమను తాము బానిసలుగా అమ్ముకున్నవాళ్లూ ఉన్నారన్నాడు. జనం ఆమెన్ అన్నారు. తనూ కళ్లు తుడుచుకున్నాడు.

విందు ముగిసింది. చాప మీద ముట్టని విస్తరి ఉంది. ముసలాయన లేడు.

పక్కింట్లోంచి తల్లి ఎలీషమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆమెకు చూపు ఆనదు.

"మీ నాయినను 'జోయెల్‌గాడు' అని అడిగిండ్రంట, ఎవలురా?"

"ఎవలో ముసలోడమ్మా. రెండు వేళ్లు లేవు గానీ పొగరు మస్తుంది."

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుంది.

"గడ్డి కోసే మిషన్ల పోయినయి గవి. ఉరుకు కొడుకా, జల్దీ! సత్తయ్యను ఆపు!"

శాంసన్ రోడ్డు దాకా పరుగెత్తాడు.

"ఇప్పుడే మేడ్చల్ ఆటో ఎక్కిండు సాబ్," అన్నాడు పాన్‌డబ్బా మన్నాన్. "ఏడ్సుకుంట ఎక్కిండు."

తిరిగి నడుస్తుంటే ప్రసంగంలో తను చెప్పిన మాటలు తనకే వినబడ్డాయి. శాంసన్‌కు సిగ్గేసింది.

ప్రతాప్ వెళ్లిపోయాడు. కంచంలో ఎముకలున్నాయి. తల్లి ఆ కుర్చీని తడుముతూ నిలబడి ఉంది.

"ఎవలమ్మా ఆయన?"

"మీ నాయిన అప్పు కింద పటేలింట్ల జీతగాడుండె కొడుకా. సంఘంల పరువు పోతదని నేనే నీకు చెప్పనియ్యలే."

శాంసన్ ఎముకల కంచం తీసి పక్కన పెట్టాడు.

"పాస్టర్ సదువుకు పోతనంటే, బదులు మనిషిని పెట్టి పొమ్మన్నడు పటేలు. తొమ్మిదేండ్లు మీ నాయిన జాగల జీతం జేసింది గా సత్తయ్యనే."