వద్దన్న ఆకుపచ్చ

“మీ ప్రెస్సులో మిగిలిన ఇంకు ఎక్కడికి పోతుంది?” అని అడిగింది కంపెనీ మేడమ్. నీళ్ళూ నేలా పాడుచెయ్యని ప్రెస్సుకే ఏడాది పని ఇస్తామని ఆమె ముందే చెప్పింది.

“డ్రమ్ముల్లో పోస్తామండీ. లారీ వచ్చి పట్టుకెళ్తుంది,” అన్నాడు ఓనరు. రోలర్లు తుడుస్తున్న అతని తమ్ముడు తలెత్తలేదు.

“ఆ డ్రమ్ములు చూడొచ్చా?”

“వెనకాల తాళం వేసుందండీ. తాళంచెవి...”

అంతలో పక్క లాండ్రీ అక్క తడి చొక్కా పట్టుకుని లోపలికి వచ్చింది.

“రంగుల సంగతి నీకే తెలియాలి బాబూ. రాత్రి వానకి మీ వెనకాల కాలవ పొంగి నా తొట్టిలోకి వచ్చింది. స్కూలు చొక్కాలన్నీ ఇలా అయ్యాయి. ఈ మరక దేనితో పోతుందో చెప్పు.”

తెల్ల చొక్కా మీద అరచెయ్యంత ఆకుపచ్చ. ఓనరు దాన్ని సరిగా చూడకుండానే అన్నాడు:

“నాచు అయ్యుంటుందక్కా.”

మేడమ్ చొక్కా అందుకుని కిటికీ వెలుతురులో పట్టుకుంది.

“నాచు కాదు. ముదురుగా ఉందని నిన్న మీ నమూనాలో నేను వద్దన్న రంగు.”

ఓనరు ఇక దాచలేదు. “డబ్బా నిండా కలిపాం మేడమ్. మీరు వద్దన్నాక అది ఇంకెవరికి పనికొస్తుంది?”

చొక్కా మేడమ్ చేతిలోనే ఉండిపోయింది.

“ఎవరు వద్దంటే నాకేం గానీ, ఇది పోతుందా, పోదా?” అంది లాండ్రీ అక్క.

తమ్ముడు అప్పుడు తలెత్తాడు.

“పోదక్కా. పోకూడదనే కలిపాం.”