ఇస్నాపూర్ స్టాపులో తలల లెక్క

పొద్దున ఏడు కాకముందే, ఇస్నాపూర్ బస్ స్టాపులో కౌసల్యమ్మ ఒక మనిషి చేతిలోని నోటుబుక్కు లాక్కుని మురికికాలువలో పడేసింది.

స్టాపంతా నోరెళ్లబెట్టింది.

"రోజూ మా తలకాయలు లెక్కవెడుతున్నవ్. ఎవలు పంపిన్రు నిన్ను? ఆటో స్టాండోల్లేనా?" అని నిలదీసింది కౌసల్యమ్మ.

"గట్లెందుకు అనుకుంటవ్ అక్కా?" అన్నాడతను మెల్లగా.

"నిన్న వాళ్లతోని చాయ్ తాగంగ నా కండ్లతోని సూసిన. వాళ్లకు ఇంతమంది గిరాకీ పోయిందని చెప్పి బస్సుల లైను తీసేయించనీకే గదా ఈ లెక్కలు?"

అతను తల దించుకుని కాలువలోని పుస్తకం కేసి చూశాడు. పక్కనే ఉన్న నిషితకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

రెండు నెలల క్రితం ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు మీదుగా సుల్తాన్‌పూర్ దాకా, పెద్దరోడ్డు మీద ఒక వరుసను బస్సులకే వదిలేశారు. పసుపుపచ్చ స్తంభాలు పాతారు. లారీ, బైకు, ఆటో ఏదీ అందులోకి రాకూడదు.

మూడు నెలలు చూస్తారట. జనం ఎక్కితే ఉంచుతారు, లేకపోతే స్తంభాలు పీకేస్తారు.

నిషితది చిట్కుల్. సుల్తాన్‌పూర్‌లో సిరంజిల కంపెనీలో పని. తండ్రి మల్లయ్య నడుం పడిపోయాక ఆ ఇంట్లో పనికి పోయేది ఆమె ఒక్కతే.

ఎనిమిది కొట్టగానే కంపెనీ గేటు వేసేస్తారు. అదివరకు ఆటోలో గంటన్నర. లారీలు దారిస్తే చేరేది, లేదంటే లేదు. ఒకే నెలలో ఐదుసార్లు గేటు బయట నిలబడి ఏడ్చింది.

"ఇంకోసారి లేటైతే ఇగ ఇంటికాన్నే ఉండు," అని తేల్చి చెప్పాడు సూపర్‌వైజర్.

ఇప్పుడు నలభై నిమిషాలే. ఈ రెండు నెలల్లో ఒక్కరోజు లేటు లేదు.

అదే కంపెనీ క్యాంటీన్‌లో వండే కౌసల్యమ్మకు మోకాళ్ల నొప్పులు. స్టాపు అరుగూ బస్సు తలుపూ సమానంగా ఉండటంతో మెట్లెక్కే బాధ తప్పింది. సీటు కోసం కిటికీలోంచి కర్చీఫు విసిరే అవసరమూ పోయింది. ఒక బస్సు పోతే ఆరు నిమిషాలకు ఇంకొకటి.

అలాంటి బస్సు దగ్గర నెల రోజులుగా ఈ మనిషి కాపు కాస్తున్నాడు. ఎక్కడికి, ఏ పనికి, ఇదివరకు ఎంతసేపు పట్టేది అని ఆరా తీస్తాడు. "నీకు పాస్ ఉన్నదా బిడ్డా?" అని కూడా అడుగుతాడు.

ఆడవాళ్లంతా కలిసి ఉపాయం పన్నారు. అతను కనిపిస్తే చాలు, కిరాణాకొట్టు వెనక దాక్కుని, బస్సు రాగానే ఒక్కసారిగా వచ్చి ఎక్కేసేవారు. బస్సుకు జనం లేరని అతను రాసుకుపోతే ఆటోవాళ్ల కడుపుమంట చల్లారుతుందని వాళ్ల ఆలోచన. తెలివంతా వాళ్లదే మరి!

ఆరోజు అతను కాలువలోకి దిగి పుస్తకం తీసుకున్నాడు. చొక్కాకు తుడుచుకున్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి మళ్లీ రాలేదు.

"పీడ వోయింది," అని కౌసల్యమ్మ డబ్బా నిండా సకినాలు తెచ్చి స్టాపంతా పంచింది.

మూడు నెలలు ముగిసే వారంలో బస్సుల అధికారి ప్రేమలత స్వయంగా స్టాపుకు వచ్చింది. అందరూ చుట్టూ మూగారు.

"ఈ స్టాపుల ఎక్కేటోళ్లే లేరని మా టికెట్ మిషన్లు చెప్పినయ్. స్తంభాలు తీసేద్దామని కాగితం కూడా తయారైంది," అంది ప్రేమలత.

నిషిత జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"లేకపోవుడేంది మేడం? లోపల నిలవడనీకి గూడ జాగ ఉండది!" అని కౌసల్యమ్మ గట్టిగా అరిచింది.

"మీరంతా కంపెనీ పాసులోళ్లు. పాస్ చూపించి ఎక్కుతరు, టికెట్ కొట్టరు. మిషన్‌ల మీరు లేనే లేరు."

"మరి మా గతేంది మేడం?" అడిగింది నిషిత.

"పరేషాన్ గాకు. లైను ఉంటది. ఒకాయన పుస్తకం తెచ్చిచ్చిండు. ఏ బస్సు ఎన్నింటికొచ్చింది, పాసోళ్లు ఎంతమంది ఎక్కిన్రు, అన్నీ రాసిండు. కొట్టు వెనక దాక్కున్నోళ్లను గూడ వదలలే. నీళ్లల్ల తడిసి ఉబ్బిపోతే ఒక్కో పేజీ విడదీసి చదివినం. మావోళ్లు బస్సుల కూసొని చూస్తే ఆయన లెక్కే కరెక్టు."

కౌసల్యమ్మ అరుగు మీద కూలబడింది. పుస్తకం విసిరిన ఆ చేతిని ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

"ఇంత కష్టం నీకెందుకయ్యా అంటే," ప్రేమలత చెప్పుకుపోతోంది, "గేటు బయట ఆ పిల్లలు ఏడుస్తుంటే చానాసార్లు చూసిన మేడం, అన్నడు."

"ఆయన ఏడున్నడు మేడం? కాళ్లు మొక్కుత," అంది కౌసల్యమ్మ.

"గుమ్మడిదల దిక్కు పోయిండు. ఆడ ఏదో కంపెనీల వాచ్‌మన్‌గ చేరిండట. ఏడని అడిగితే చెప్పలే."

నిషిత వచ్చి కౌసల్యమ్మ పక్కన కూర్చుంది.

"ఆటోలోల్ల మనిషి అనుకున్నం మేడం," అంది తల దించుకుని.

"మీరు తప్పేం అనుకోలేదమ్మా," అంది ప్రేమలత. "ఈ బస్సొచ్చినంక గిరాకీ లేక, ఇస్నాపూర్ స్టాండుల అందరికంటే ముందు ఆటో అమ్ముకున్న జంగయ్య ఆయనే."